గొట్టపు మెలిక, గుండు పొడవు

1998లో సైబర్ టవర్స్ తలయెత్తిన నాటి నుండి మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దపు మేడలు బారులు దీరి, ఒకనాటి రాళ్లగుట్టల నడుమ నేడు వాహనము ముందునకు కదలుటయే గగనమైన ఈ ప్రాంతమున, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో, 2002 జాతీయ క్రీడల కాలము నాటి షూటింగ్ రేంజి ఒకటి కలదు. చుట్టుపట్ల కార్యాలయములలో లెక్కలు కట్టు యంత్రములు రేయింబవళ్లు పనిచేయుచుండగా, ఈ రేంజిలో గురి కుదుర్చుకొని ట్రిగ్గరు నొక్కు యువకుని చేతిలోని రైఫిలు కూడ ఒక లెక్క ప్రకారమే నడచుచున్నది; కాని ఆ లెక్క గొట్టము లోపల, ఉక్కుపై గాడులుగా చెక్కబడి, కంటికి మరుగున ఉండుటచే దానిని తలచుకొనువారు అరుదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 జూలై 30న లండన్ ఒలింపిక్సులో, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్యపతకము గెలిచినప్పుడు ఆతని శ్వాసనిగ్రహమును, హస్తనైశ్చల్యమును లోకము కొనియాడినది. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే అని ఎరిగినవారికి ఆ ప్రశంస ఏమాత్రమును అధికమని తోచదు. ఐనను, మనుష్యుడు చేయవలసినదంతయు చేసి ట్రిగ్గరు నొక్కిన పిమ్మట, గుండు తన ముక్కును ముందునకే నిలుపుకొని పోవుట అను కార్యము మాత్రము ఆతని చేతిలో లేదు. తూటాలు పేల్చు రైఫిలులో అది గొట్టపు మెలిక చేతిలో ఉన్నది.

షూటర్లు ట్విస్ట్ అని పిలుచు ఈ మెలిక యనగా, గొట్టము లోపలి గోడపై సర్పిలాకారముగ తీసిన గాడులు ఎంత దూరము సాగునప్పటికి ఒక పూర్తి చుట్టు తిరుగునో ఆ దూరము. పది అంగుళములలో ఒక చుట్టు తిరిగినచో అది పదికి ఒకటి. పన్నెండు అంగుళములలో తిరిగినచో పన్నెండుకు ఒకటి. ఆ సంఖ్య చిన్నదైన కొలది మెలిక బిగువైనదని గ్రహింపవలెను. దూరపు గురులకు బరువైన గుండ్లే శ్రేష్ఠములని వినిన ప్రతివానికి వెంటనే ఎదురగు ప్రశ్న యేమనగా, తన చేతనున్న గొట్టము ఆ బరువైన గుండును నిలువుగ నడిపింపగలదా యనునది. తూటాల డబ్బాపై ముద్రించి యుండునది బరువే గావున అందరును బరువునే చూచి సమాధానము వెదకుదురు; గాలి మాత్రము మొదట పొడవును విచారించును. ఇక చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

గుండు నిజముగ గుండ్రనై యున్నంతకాలము ఈ చిక్కు లేదు. 1687లో ఔరంగజేబు సేనలు నెలల తరబడి ముట్టడించిన గోలకొండ బురుజులపై పేలిన ఫిరంగులును, వానికి ఎదురుగ కోట వెలుపల పేలినవియు, లోపల నున్ననైన గొట్టములే. అటుపై నూరేండ్లకు నిజాము కొలువున చేరిన ఫ్రెంచి సేనాని రేమండు, నేడు గన్‌ఫౌండ్రీ యని మనము పిలుచుకొనుచున్న చోట పోతపోయించిన ఫిరంగులును అట్టివే. గోళమునకు ముక్కు లేదు, తోక లేదు. ఎటు పొరలినను గాలికి ఒకే ముఖము చూపును గావున తలక్రిందగుట యనునది దానికి వర్తింపదు. ఐనను నున్నని గొట్టములో వదులుగ దొరలుచు వెలువడు గోళము చివరి క్షణమున ఏ గోడను తాకునో దానిని బట్టి ఏదో యొక వంకకు తిరుగుడు పెట్టుకొని, ఆ తిరుగుడు వలననే దారి తప్పును. ఈ సంగతిని ప్రయోగపూర్వకముగ చూపినవాడు ఇంగ్లాండు గణితజ్ఞుడగు బెంజమిన్ రాబిన్స్. ఆతడు 1742లో ఫిరంగిశాస్త్రముపై తన గ్రంథమును ప్రకటించి, ఆ పిమ్మట గాడులు తీసిన గొట్టముల ప్రాశస్త్యమును రాయల్ సొసైటీ ఎదుట వివరించి, తుదకు ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయు ఉద్యోగముపై కోరమండల తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో జ్వరపీడితుడై మరణించెను. గాడుల గొట్టములు అంతకు రెండు శతాబ్దులకు ముందే జర్మను దేశపు పనివాండ్ర చేతులలో రూపొందినవి. అవి ఏల గురి తప్పవో శాస్త్రసమ్మతముగ విచారించిన తొలి తరమువాడు మాత్రము రాబిన్సే.

గోళమునకు మారుగ ముక్కు గల పొడుగు గుండు వచ్చినంతనే సమస్య స్వరూపము పూర్తిగ మారిపోయెను. ముందుభాగము సన్నగిలి, వెనుకభాగము లావుగ ఉండుటచే అట్టి గుండు గురుత్వకేంద్రము వెనుకకు జరిగి యుండును. ఎదురుగాలి తోపు కేంద్రీకృతమగు చోటు మాత్రము దానికి ముందు, ముక్కు వైపున ఉండును. అందుచే ముక్కు రవంత ప్రక్కకు ఒరిగెనా, గాలి దానిని సరిదిద్దుటకు బదులు మరింత ఒరగద్రోయును; ఆపునది వేరొకటి లేనిచో గుండు పల్టీలు కొట్టుచు, లక్ష్యపు కాగితముపై గుండ్రని రంధ్రమునకు మారుగ తాళపుచెవి దూరు సందువంటి అడ్డపు చీలికను విడిచి, కొద్ది దూరములోనే వేగమును దిశను రెండింటిని పోగొట్టుకొనును. ఆపునది తిరుగుడే. తాడు చుట్టి విసరిన బొంగరము ములికిపై నిలిచి, భూమి క్రిందకు లాగుచున్నను పడక, తలను మెల్లగ వలయాకారమున త్రిప్పుచు నిలుచుట మనమందరమును చూచినదే. భూమి చేయు పనిని ఇచ్చట గాలి చేయుచున్నది, తాడు చేయు పనిని గాడులు చేయుచున్నవి. తిరుగుడు వలన కలుగు ఈ పట్టునకును, గాలి పడద్రోయు బలమునకును గల నిష్పత్తిని స్థిరతాంకము అందము. అది 1కి లోబడినచో గుండు నిలువదు. 1 దాటినచో నిలుచును. పొరపాట్లకు, వాతావరణపు మార్పులకు తావిచ్చి 1.4 లేక 1.5 ఉండునట్లు చూచుకొనుట నేటి వాడుక.

పొడవు మాటను లోకమునకు మొదట చాటినది పందొమ్మిదవ శతాబ్ది నడిమి కాలమున జరిగిన ఒక పోటీ. 1857 తిరుగుబాటును రగిలించిన కొవ్వు పూసిన తూటాలు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలువి యని చదువుకొన్నవారమే. ఆ రైఫిలు గొట్టపు వ్యాసము 0.577 అంగుళము, దాని మెలిక 78 అంగుళములకు ఒక చుట్టు, అనగా దాదాపు రెండు మీటర్లకు ఒకటి. సిపాయిల తిరుగుబాటు జరిగిన ఆ యేటనే ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశాస్త్రవేత్త తాను రూపొందించిన రైఫిలును దానికి పోటీగ నిలిపెను. రెండింటి గుండ్ల బరువును ఒకటియే, 530 గ్రెయిన్లు, అనగా సుమారు 34 గ్రాములు. కాని విట్‌వర్త్ గొట్టపు వ్యాసము 0.451 అంగుళము మాత్రమే. అంత బరువు ఆ సన్నని గొట్టములో ఇముడవలెనన్నచో గుండు పొడవు సాగక తప్పదు, పొడవు సాగినందున 20 అంగుళములకే ఒక చుట్టు తిరుగు బిగువైన మెలికయు తప్పలేదు. దూరము పెరిగిన కొలది ఎన్‌ఫీల్డు గుండ్లు చెల్లాచెదరగుచుండ, విట్‌వర్త్ గుండ్లు వేయి గజములు దాటిన పిమ్మటను లక్ష్యమును విడువలేదు. 1860లో వింబుల్డన్ మైదానమున జరిగిన ప్రథమ జాతీయ రైఫిల్ పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినప్పుడు ఆమెచే పేల్పించినదియు, పీటపై బిగించిన విట్‌వర్త్ రైఫిలే. ఒకే బరువు గల రెండు గుండ్లు నాలుగు రెట్ల తేడా గల మెలికలను కోరిన ఈ నిదర్శనము కంటె, మెలికను నిర్ణయించునది బరువు కాదనుటకు వేరొక సాక్ష్యము అక్కరలేదు.

విట్‌వర్త్ ప్రయోగములచే పట్టుకొన్న సత్యమును సూత్రమునకు తెచ్చినవాడు వూలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీతో సంబంధము గల గణితజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జార్జి గ్రీన్‌హిల్. 1879 నాటి ఆతని సూత్రము మిక్కిలి సరళము: గుండు వ్యాసమును వ్యాసముచే హెచ్చించి, దానిని 150చే హెచ్చించి, గుండు పొడవుచే భాగించినచో కావలసిన మెలిక వచ్చును. గమనింపుడు, ఇందులో బరువు ఎచ్చటను లేదు. గచ్చిబౌలి రేంజిలో యాభై మీటర్ల పోటీకి వాడు పాయింట్ టూ టూ గుండునే తీసికొందము. దాని వ్యాసము సుమారు 5.66 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 11.5 మిల్లీమీటర్లు. 5.66ను 5.66చే హెచ్చించినచో 32. దానిని 150చే హెచ్చించి 11.5చే భాగించినచో 418 మిల్లీమీటర్లు వచ్చును. లోకమున పాయింట్ టూ టూ గొట్టములు చేయు కంపెనీలు పాటించు మెలిక 16 లేక 16.5 అంగుళములు, 16.5 అంగుళములనగా 419 మిల్లీమీటర్లే. నూటనలువది యేండ్లకు పూర్వము కాగితముపై కట్టిన లెక్క నేటి ఉక్కుతో ఇంత దగ్గరగ సరిపోవుట చూచినప్పుడు గణితముపై గౌరవము కలుగకపోదు. ఆ గుండు యాభై మీటర్లు దాటి కాగితమును చేరులోపల ఇంచుమించు నూట ఇరువది చుట్లు తిరుగును.

ఒలింపిక్ రైఫిల్ పోటీలలో యాభై మీటర్లే మహాదూరము. అచ్చట బరువైన గుండ్ల ప్రసక్తి లేదు. దూరము వందల మీటర్లకు పెరిగినప్పుడే గాలి తన ప్రతాపము చూపును. ఒకే వ్యాసము గల రెండు గుండ్లలో బరువైనది, అనగా పొడవైనది, అదే అడ్డుకొలత మీద ఎక్కువ ద్రవ్యమును మోయుచుండుటచే, గాలి దానిని నిదానింపజేయుటకు ఎక్కువ శ్రమ పడవలసి యుండును. ఫలితముగ అది వేగమును ఆలస్యముగ కోల్పోవును, ప్రక్కగాలికి తక్కువగ కొట్టుకొనిపోవును. దూరపు షూటర్లు బరువైన గుండ్ల కొరకు తహతహలాడుట ఇందులకే. ఐతే ఆ లాభమునకు చెల్లింపవలసిన మూల్యము మెలిక రూపమున ఉండును.

2005లో డాన్ మిల్లర్ అను అమెరికా దేశస్థుడు గ్రీన్‌హిల్ సూత్రమునకు మారుగ ప్రతిపాదించిన నియమము ఈ మూల్యమును మరింత స్పష్టముగ లెక్కగట్టును. ఆ నియమములో బరువు కనిపించును గాని, మనము భయపడినట్లు కాక, స్థిరతకు అనుకూలముగ కనిపించును. పొడవు మాత్రము దాదాపు ఘనముగ, అనగా తనను తాను మూడు మార్లు హెచ్చించుకొని, స్థిరతకు ప్రతికూలముగ నిలుచును. సైన్యములు వాడు 5.56 రైఫిలుకు సరిపోవు రెండు గుండ్లను పోల్చి చూతము. మొదటిది 55 గ్రెయిన్లది, అనగా 3.6 గ్రాములు, దాని పొడవు ఇంచుమించు 19 మిల్లీమీటర్లు. రెండవది దూరపు గురికై చేసిన 77 గ్రెయిన్లది, 5 గ్రాములు. పొడవు ఇంచుమించు 25 మిల్లీమీటర్లు. పన్నెండుకు ఒకటి మెలిక గల గొట్టములో మొదటిదాని స్థిరతాంకము 1.3కు పైగా వచ్చును, రెండవదానిది 0.8కి లోపే యగును గావున అది పల్టీ కొట్టి తీరును. అదే రెండవ గుండును ఎనిమిదికి ఒకటి మెలిక గల గొట్టములో పేల్చినచో స్థిరతాంకము 1.7ను అందుకొనును. స్థిరతాంకము మెలిక వర్గమును బట్టి మారునది గావున, మెలికను కొద్దిగ బిగించినను ఫలితము మిక్కుటముగ ఉండును.

సీసమును విడిచి కేవలము రాగితో చేసిన గుండ్లు నేడు ప్రచారములోనికి వచ్చుచుండుట వలన ఈ విచక్షణ మరింత అవసరమైనది. సీసపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు కాగా రాగిది 9 గ్రాములకు లోపే. ఒకే బరువునకు రాగి గుండు పొడవై తీరవలెను. డబ్బాపై అంకె మారలేదని నమ్మి, సీసపు గుండుకు సరిపోయిన గొట్టములోనే రాగి గుండును పేల్చినవాడు, లక్ష్యముపై చెదరిన రంధ్రములను చూచి తన చేతిని నిందించుకొనును. నిజమునకు నిందింపవలసినది తాను చదివిన అంకెను.

ఇచ్చట సహజముగ ఒక సందేహము కలుగును: మందు ఎక్కువ కూరి గుండును మరింత వేగముగ పంపినచో తిరుగుడును పెరుగును గదా, మెలిక లోపమును వేగము పూడ్చదా? సెకండుకు 800 మీటర్ల వేగముతో పదికి ఒకటి గొట్టము నుండి వెలువడు గుండు సెకండుకు 3,150 చుట్లు, అనగా నిముషమునకు దాదాపు లక్షా తొంబదివేల చుట్లు తిరుగుచుండును. వేగము పెరిగినచో ఈ సంఖ్య పెరుగుట నిజమే. కాని గాలి పడద్రోయు బలము సైతము వేగపు వర్గమును బట్టియే పెరుగును గావున రెండును ఒకదాని నొకటి కొట్టివేసికొని, స్థిరతకు మిగులు లాభము స్వల్పము. ఈ లెక్క నుండియే మరొక విశేషము తేలుచున్నది. గుండు ముందునకు సాగిన కొలది దాని వేగమును గాలి హరించునంత త్వరగ తిరుగుడును హరింపజాలదు. సగము వేగము పోయిన చోట కూడ తిరుగుడు చాలవరకు నిలిచియే యుండును. అందుచే వేగము సగమైనప్పటికి స్థిరతాంకము ఇంచుమించు మూడు రెట్లగును. గుండుకు పడిపోవు గండము గొట్టము విడిచిన తొలి అడుగులలోనే యని, దానిని గట్టెక్కించుటయే మెలిక చేయు ముఖ్యమైన పని యని దీనివలన తెలియుచున్నది.

గాలి సాంద్రత ఈ లెక్కలో మూడవ పాత్రధారి. అమెరికాలో ఏఆర్-15 రైఫిలు తొలుత పదునాలుగుకు ఒకటి మెలికతో తయారైనది. ఆ గొట్టములో 55 గ్రెయిన్ల గుండు స్థిరతాంకము సముద్రమట్టపు సాధారణ వాతావరణమున 1కి అటునిటుగ మాత్రమే ఉండును. అనగా అది కత్తి అంచుపై నడచుచున్నట్లే. ధ్రువప్రాంతపు చలిని తట్టుకొనునా యని పరీక్షించినప్పుడు, చిక్కబడిన గాలిలో గుండు తూగాడుట బయటపడి, 1963లో మెలికను పన్నెండుకు ఒకటిగ బిగించిరి. సున్నకు 54 డిగ్రీలు దిగువన గాలి సాంద్రత మామూలు కంటె మూడవ వంతు వరకు అధికమగును గావున స్థిరతాంకము నాలుగవ వంతు తరిగిపోవుటలో వింత లేదు.

మన నగరపు మాటకు వచ్చినచో, హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున, ఎండలు మెండుగ గల పీఠభూమిపై ఉండుట షూటరునకు కలిసివచ్చిన అదృష్టమే యనవలెను. మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీల వేడిలో గచ్చిబౌలి గాలి, సముద్రమట్టపు ప్రామాణిక గాలి కంటె ఇంచుమించు ఏడవ వంతు పలుచన. ఆ మేరకు గుండు మరింత స్థిరముగ నడచును. డిసెంబరు వేకువ 12 డిగ్రీల చలిలో ఆ వెసులుబాటు చాలవరకు తరిగిపోయి, మే నెలలో 1.40 ఉన్న స్థిరతాంకము 1.27కు దిగును. ఎండకాలమున ముచ్చటగ గురి కుదిరిన గుండు చలికాలపు ఉదయమున అలజడి చూపుటకు కారణము ఇదియే కావచ్చును. కొండలపై చలి వలన గుండ్లు పడిపోవునేమో యను భయమునకు మాత్రము ఆధారము లేదు. లేహ్ వంటి 3,500 మీటర్ల ఎత్తైన చోట్ల ఎత్తు వలన గాలి పలుచబడుట, చలి వలన చిక్కబడుట కంటె ఎంతయో ఎక్కువ గావున స్థిరతకు అచ్చట లోటు రాదు. గుండుకు నిజమైన కఠినపరీక్ష పల్లపు నేలలో గడ్డకట్టు చలి.

ఐనచో ఎల్లప్పుడును మిక్కిలి బిగువైన మెలికనే ఎంచుకొని నిశ్చింతగ ఉండరాదా? అతి యెచ్చటను మంచిది కాదను పెద్దల మాట ఇచ్చటను చెల్లును. ఏ గుండును పరిపూర్ణము కాదు. పై తొడుగు మందము ఒక వంక వెంట్రుకవాసి ఎక్కువైనను గురుత్వకేంద్రము నడిమి అక్షము నుండి తొలగి యుండును. తిరుగుడు హెచ్చిన కొలది ఆ లోపమును హెచ్చి, గొట్టము విడిచిన క్షణముననే గుండును ప్రక్కకు విసరును. పలుచని తొడుగు గల తేలిక గుండ్లైనచో మితిమీరిన తిరుగుడునకు గాలిలోనే చీలిపోవుటయు కలదు. భారతసైన్యము చిరకాలముగ వాడుచున్న రష్యా దేశపు డ్రాగునోవ్ రైఫిలు చరిత్ర దీనికి మంచి దృష్టాంతము. తొలినాళ్లలో దాని మెలిక 320 మిల్లీమీటర్లకు ఒకటి; మామూలు గురి గుండ్లకు అది చక్కగ అమరినది. పిమ్మట కవచమును ఛేదించి నిప్పంటించు పొడుగు గుండ్లను సైతము అదే తుపాకితో పేల్చవలసివచ్చి, మెలికను 240 మిల్లీమీటర్లకు బిగించిరి. పొడుగు గుండ్లు నిలిచినవి గాని, మామూలు గుండ్ల గురి మునుపటి నాణ్యమును కోల్పోయెను. 1980 తరువాత అమెరికా సైన్యము ఎం-16 రైఫిలు మెలికను ఒక్కసారిగ ఏడుకు ఒకటిగ బిగించుటకును కారణము ఇటువంటిదే: 62 గ్రెయిన్ల క్రొత్త గుండుకు తొమ్మిది చాలును గాని, దారిని వెలుగుగీతగ చూపు ట్రేసరు గుండు ఇంకను పొడవైనది. సైన్యము అన్నిటికంటె పొడుగు గుండు కొరకు గొట్టమును చేయించును. క్రీడాకారుడు తాను వాడు ఒక్క గుండు కొరకు చేయించుకొనును. తిరుగుడు వలన గుండు ప్రక్కకు జరుగుటయు ఒకటి కలదు. కుడివైపు మెలిక గల గొట్టము నుండి వేయి గజములు పోవు పాయింట్ త్రీ నాట్ ఎయిట్ గుండు, గాలి ఏమాత్రము వీచకున్నను, జానెడు దూరము కుడికి తొలగును. దూరపు షూటర్లు దీనిని ముందుగనే లెక్కలోనికి తీసికొందురు.

మెలిక సరిపోయినంత మాత్రమున సర్వమును చక్కబడునని తలచుటయు పొరపాటే. 300 మీటర్ల పోటీలకై రూపొందిన 168 గ్రెయిన్ల ప్రసిద్ధమైన గుండు, ఆ దూరమున అద్భుతముగ పనిచేసియు, వేయి గజములకు చేరువైనప్పుడు, వేగము ధ్వనివేగపు పొలిమేరకు దిగగానే తూగుట మొదలుపెట్టును. మెలికకు లోటు లేదు, స్థిరతాంకము పుష్కలము; లోపము తోకభాగపు వాలులో ఉన్నది. తోకను తక్కువ వాలుతో తీర్చిన 175 గ్రెయిన్ల గుండు ఆ పొలిమేరను నెమ్మదిగ దాటుచుండుటచే దూరపు గురులకు దానినే ఎంచుకొనిరి. అట్లే పొడవునకును ఒక హద్దు కలదు. వ్యాసమునకు ఆరేడు రెట్లు మించి పొడవైన గుండును ఎంత మెలిక పెట్టినను తిరుగుడుతో నిలుపుట దుస్సాధ్యము. ట్యాంకులు పేల్చు శూలమువంటి గుండ్లకు రెక్కలు తగిలించుట ఇందులకే, కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాలలో రూపుదిద్దుకొన్న ఆకాశ్ వంటి క్షిపణులును తోక రెక్కలతోనే దిశను నిలుపుకొనును. రెక్క గాలి తోపు కేంద్రమును గురుత్వకేంద్రము వెనుకకు జరిపి, గాలినే తనకు సహాయకురాలిగ మలచుకొనును. మెలిక ఆ కేంద్రమును కదల్పక, గాలి పన్నిన కుట్రను తిరుగుడుతో అణచును.

ఈ విద్య హైదరాబాదునకు ఇకపై చదువుకొను విషయముగ మాత్రమే మిగులదు. మేఘా సంస్థల కూటమికి చెందిన ఇచ్చటి ఐకామ్ కంపెనీ, ఎమిరేట్స్ దేశపు కారకల్ సంస్థతో 2024లో చేతులు కలిపి చిన్న ఆయుధముల తయారీకి పూనుకొన్నది. ఆ కారకల్ సరకులలో పాయింట్ త్రీ త్రీ ఎయిట్ లపువా మాగ్నమ్ తూటాను పేల్చు దూరపు రైఫిలును ఒకటి. ఈ తూటాకు 250 గ్రెయిన్ల గుండును వాడవచ్చును, 300 గ్రెయిన్లదియు వాడవచ్చును; వ్యాసము ఒకటే గావున పెరిగినదంతయు పొడవే. మన సైన్యమునకు వచ్చిన సాకో టి.ఆర్.జి.-42 రైఫిలును ఫిన్‌లాండు కంపెనీ తొలుత పన్నెండుకు ఒకటి మెలికతో చేసి, పొడుగు గుండ్ల వాడుక పెరిగిన పిమ్మట పదికి ఒకటికి మార్చుట ఈ కారణముననే.

గొట్టముపై మెలిక సంఖ్య చెక్కి ఉండనిచో దానిని కనుగొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. రైఫిలులో తూటా లేదని నిశ్చయించుకొని, గొట్టము తుడుచు కడ్డీకి బిగువుగ ఒక గుడ్డపీలిక చుట్టి, పిడి వద్ద కడ్డీ తనంత తాను తిరుగునట్లు వదులుగ పట్టుకొని లోనికి త్రోయవలెను; పీలిక గాడులను పట్టుకొని కడ్డీని త్రిప్పుచు పోవును. కడ్డీపై సిరాతో పెట్టిన గుర్తు పైకి ఉన్నప్పుడు గొట్టపు అంచువద్ద కడ్డీపైననే ఒక గీత గీచి, ఆ గుర్తు ఒక చుట్టు తిరిగి మరల పైకి వచ్చినప్పుడు రెండవ గీత గీచి, రెండింటి నడిమి దూరము కొలిచినచో అదియే మెలిక. రెండుమూడు మార్లు కొలిచి సగటు తీసికొనుట మేలు. పిమ్మట వెర్నియర్ కాలిపర్స్‌తో గుండు పొడవును కొలిచి, తాను పేల్చబోవు చోట సంవత్సరమున అతిశీతలమగు ఉదయపు ఉష్ణోగ్రతను, ఆ చోటి ఎత్తును చేర్చి మిల్లర్ లెక్క కట్టవలెను; కంప్యూటరు ఎదుట కూర్చుండి దినమంతయు ఇంతకు వేయి రెట్లు జటిలమైన లెక్కలు చేయు మాదాపూరు యువకునకు ఇది ఎక్సెల్ పట్టికలో ఒక్క వరుస. వచ్చిన స్థిరతాంకము 1.5కు చేరువలో ఉన్నచో ఆ గుండు ఆ గొట్టమునకు తగినది, 1.2కు దిగినచో పొట్టి గుండునో, బిగువైన మెలిక గొట్టమునో వెదకుకొనవలెను; 3కు పైబడినచో అక్కరకు మించిన తిరుగుడునకు గురిలో కొంత వెల చెల్లించుచున్నానని తెలిసికొనవలెను. డబ్బాపై బరువు చదువుట ఈ కొలతలు తీసికొనిన తరువాతి పని.